పేరు లేని బటన్

నన్ను ఎవరైనా కోపిష్ఠిదాన్నంటే కాదనను. పుట్టినప్పటి నుంచీ ముక్కు మీదే ఉంది కోపం. అయితే నా కోపాలన్నీ పాలపొంగు లాంటివి, రెండు నిమిషాలు ఎగసిపడి చల్లారిపోతాయి. పిక్సెల్ అనేవాడి మీద వచ్చిన కోపం మాత్రం అలాంటిది కాదు. నాలుగు నెలలపాటు ఆరలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఆరలేదు.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. అక్కకు చూపు లేదు. ఇరవై రెండో ఏట పోయింది. ఆ మరుసటి ఏడే అమ్మ కూడా పోయింది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. కళ్ళు లేని మనిషి, చేతిలో చెల్లెలు, ఇక ఈ ఇల్లు గడిచినట్టే అని చుట్టాలందరూ మూతులు విరిచారు. అక్క పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం తెచ్చుకుని అందరి నోళ్ళూ మూయించింది. నాకు జడ వేసింది, బడికి పంపింది, నా మొదటి కుట్టుమిషను తనే కొనిపెట్టింది. ఇప్పటికీ కింద గదిలో నా టైలరింగ్ షాపు, పైన రెండు గదుల్లో మేమిద్దరం.

ఆ ఎక్స్ఛేంజిలో అక్క ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది. ఏ వార్డుకు ఏ నంబరు, ఏ డాక్టరు ఏ పూట ఎక్కడ దొరుకుతాడు, అన్నీ నాలుక చివర ఉండేవి. ఫోన్లో ఏడుస్తూ మాట్లాడేవాళ్ళను ముందు ఊపిరి పీల్చుకోమని, తర్వాత వివరం అడిగేది. పొద్దున ఏడున్నరకు అక్క చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే వీధిలో వాళ్ళు గడియారాలు సరిచూసుకునేవారు.

ఈ ఏడాది మొదట్లో ఎక్స్ఛేంజి ఎత్తేశారు. దాని బదులు సహాయ కేంద్రం పెడుతున్నారట. పాత ఆపరేటర్లలో ఇష్టమున్నవాళ్ళు వెబ్‌సైట్‌లో ఫారం నింపి పంపితే అందులోకి తీసుకుంటారట. అక్క కంప్యూటర్‌లో తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. దానికి అక్క పెట్టిన పేరు వాగుడుకాయ. అది చెబుతూ ఉంటే అక్క మీటలు నొక్కుకుంటూ పోతుంది. ఫారం కూడా అలాగే నింపింది. చివరికి వచ్చేసరికి వాగుడుకాయ "బటన్" అంది. ఏ బటనో చెప్పలేదు. ఫారం మొత్తంలో వినిపించిన బటన్ అదొక్కటే కాబట్టి పంపించేది అదేననుకుని అక్క నొక్కింది. పేజీ మళ్ళీ మొదటికి వచ్చింది. హమ్మయ్య, అయిపోయిందనుకుంది.

నెల తర్వాత జాబితా వచ్చింది. అందులో అక్క పేరు లేదు. దరఖాస్తే చేసుకోలేదట!

నేను షాపు మూసి, అక్కను వెంటబెట్టుకుని, ఆ వెబ్‌సైట్ తయారుచేసిన మనిషి దగ్గరకు వెళ్ళాను. ఆసుపత్రిలో అతన్ని అందరూ పిక్సెల్ అంటారు. ఏం మాట్లాడినా "ఒక్క పిక్సెల్ కూడా అటూ ఇటూ జరగకూడదు" అంటాడని ఆ పేరు వచ్చింది. అద్దాల గది, తెల్లటి బల్ల, దాని మీద కాగితం ముక్క కూడా లేదు. అక్క కూర్చోవడానికి కుర్చీ నేనే లాగాను.

"ఆవిడ ఫారం నింపారండీ, కానీ పంపలేదు. క్లియర్ నొక్కేశారు. ఇదిగో రికార్డులో ఉంది" అన్నాడు తెర నా వైపు తిప్పి.

"క్లియర్ అని దాని మీద రాసుందా బాబూ?" అని అడిగింది అక్క.

"రాయలేదండీ. చీపురు బొమ్మ పెట్టాం. అక్షరాలు పెడితే డిజైన్ పాడవుతుంది. బొమ్మ చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది."

"మరి పంపించే బటన్ ఏదీ?"

"దాని పక్కనే కదండీ! నారింజ రంగులో ఇంత పెద్దగా ఉంది. చూసి నొక్కాలి కదండీ మరి."

ఆ మాట అన్నాకైనా నాలుక కరుచుకుంటాడేమోనని చూశాను. అబ్బే! పైగా నా వంక తిరిగి, "ఇలాంటి వాటికి ఇంట్లోవాళ్ళు ఎవరైనా పక్కన కూర్చుంటే బాగుంటుందండీ" అని సలహా ఒకటి పారేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమయ్యా, నీకు..." అని లేచాను. అక్క నా మణికట్టు పట్టుకుని కుర్చీలో కూలేసింది. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగింది. "తప్పు నాదే అయితే ఎలాగే? ఇన్నేళ్ళలో ఒక్క కాల్ తప్పుగా కలపలేదు నేను" అంది. అక్క గొంతు వణకడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ క్షణంలోనే అనుకున్నాను, ఈ పిక్సెల్‌గాడి అంతు చూడకపోతే నేను నేనే కాదని.

అక్కడి నుంచి తిన్నగా సూపరింటెండెంట్ మేడమ్ గదికి నడిచాను. ఆవిడ మంచిదే, కానీ కాగితం లేనిదే కదలని మనిషి. "వెబ్‌సైట్‌దే తప్పని రుజువు చూపించండి. నాలుగు నెలల్లో ఎలాగూ సైట్ మార్చాలి. నమూనాలు ఎవరైనా తేవచ్చు, కమిటీ ముందు పెట్టొచ్చు. మీ అక్కగారి అప్పీలు కూడా ఆ రోజే వింటాను. అప్పటిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదమ్మా" అంది.

ఆ వారమే గ్రంథాలయం మేడ మీద వెబ్‌సైట్ల తయారీ తరగతిలో చేరాను. మధ్యాహ్నం పూట, వారానికి మూడు రోజులు. నాకు నలభై ఏళ్ళు, మిగతావాళ్ళకు అందులో సగం. టీచరమ్మ ఒక్కొక్కరినీ ఎందుకు చేరారో చెప్పమంది. ఒకరు ఉద్యోగం కోసమన్నారు, ఒకరు సరదాకన్నారు. నా వంతు వచ్చేసరికి "ఒకడి ముక్కు కోయాలి" అన్నాను. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని, "సరే, ముందు ట్యాగులతో మొదలుపెడదాం" అంది.

రెండో వారంలో బటన్ల పాఠం వచ్చింది. వెబ్ పేజీలకు అందరూ ఒప్పుకున్న పద్ధతులు ఉంటాయట. ఏది ఏమిటో కంప్యూటర్‌కు చెప్పే గుర్తులే ట్యాగులు. శీర్షికకు శీర్షిక ట్యాగు, బటన్‌కు బటన్ ట్యాగు. అలా రాస్తే వాగుడుకాయ లాంటి ప్రోగ్రాములకు అదేమిటో తెలుస్తుంది, మౌస్ పట్టుకోలేనివాళ్ళు మీటలతో అక్కడికి చేరుకోగలుగుతారు. "ఉత్త డబ్బాకు రంగు పూసి బటన్ అంటే కళ్ళున్నవాళ్ళు నమ్ముతారు. కంప్యూటర్ నమ్మదు" అంది టీచరమ్మ. ఏ పేజీ లోపలి రాతనైనా ఎవరైనా తెరిచి చూడొచ్చని కూడా చెప్పింది. ఇంకేం! అప్పటికప్పుడు ఆసుపత్రి ఫారం తెరిచి దాని కడుపులోకి తొంగి చూశాను. నారింజ రంగు బటన్ అసలు బటనే కాదు. ఉత్త డబ్బా! అందుకే వాగుడుకాయ దాని ఊసే ఎత్తలేదు. చీపురు బొమ్మ మాత్రం నిజం బటన్, కానీ దానికి పేరు లేదు.

"దొరికాడు దొంగ!" అని అరిచాను. తరగతి అంతా నా వైపు తిరిగింది.

అప్పటి నుంచి పొద్దున జాకెట్లు, మధ్యాహ్నం ట్యాగులు. నాకు ఆ పని పట్టుబడడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. రవిక బాగుందో లేదో పైన చూసి చెప్పం కదా, తిరగేసి లోపలి కుట్టు చూస్తాం. ఇదీ అంతే. అలా నా నమూనా మొదలైంది. కుట్టిన ప్రతి పేజీనీ అక్క ముందు పెట్టేదాన్ని. అక్క అంత గడుసు పరీక్షకురాలు ఇంకెక్కడా ఉండదు.

"ఏమే, ఇక్కడ తప్పు రాశానంటోంది. ఏం తప్పో చెప్పదేం?"

"ఎర్ర గీత పడింది కదక్కా."

"ఎర్ర గీత నాకెందుకే? నీదీ ఆ పిక్సెల్ బాబు బడే అయితే చెప్పు, లేచి వెళ్ళిపోతా."

నోరు మూసుకుని సరిచేశాను. ఫోన్ నంబరు గడిలో ఒక అంకె తగ్గిందని మాటల్లో చెప్పేలా రాశాను. నొక్కాల్సినవన్నీ నిజం బటన్లు చేశాను, ప్రతిదానికీ పేరు పెట్టాను. మీటలతో వెళ్ళేవాళ్ళకు తామెక్కడ ఉన్నారో కనిపించాలని ఆ గడి చుట్టూ లావుపాటి గీత గీశాను. పిక్సెల్ తన సైట్‌లో ఆ గీతను అందంగా లేదని తీసేశాడట. ఫారం పంపగానే "మీ దరఖాస్తు అందింది" అని వినిపించేలా చేశాను. ఆ మాట మొదటిసారి విన్న రోజు అక్క ఇంకోసారి వినిపించమంది. "అదే, అదొక్క మాట ఆ రోజు వినపడి ఉంటేనా" అంది.

అంతా బాగానే ఉంది. ఒక్క చోట నా బుద్ధి గడ్డి తింది.

పాత సైట్‌లో ఉన్న విషయమంతా నమూనాలో ఉండాలని కమిటీ నిబంధన. సహాయం పేజీ అడుగున సైట్ తయారుచేసినవాడి ఫొటో ఉంది. అంటే పిక్సెల్ మొహాన్ని నా చేత్తో నేనే నా పేజీలో అంటించాలి! సరే, అంటించాను. ఫొటో పెడితే అందులో ఏముందో మాటల్లో రాయాలి. ఆ మాటలు తెర మీద కనిపించవు, వాగుడుకాయ వాడేవాళ్ళకు మాత్రం వినిపిస్తాయి. ఆ గడిలో చెయ్యి పెట్టగానే అద్దాల గది, ఆ సలహా, మెట్ల మీద అక్క గొంతు అన్నీ గుర్తొచ్చాయి. టకటకా కొట్టేశాను: "కళ్ళు రెండూ ఉండి ఎదుటి మనిషిని చూడడం చేతకాని వెధవ. మా అక్క నోటి దగ్గర కూడు లాక్కున్నాడు. వీడి చేతులు పడిపోను."

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మర్నాడు తీసేద్దామనుకున్నాను. మర్నాడు చదువుకుంటే మళ్ళీ హాయిగా అనిపించింది. ఎవరికి కనిపిస్తుందిలే అని ఉంచేశాను. అక్కకు మాత్రం ఆ పేజీ అడుగుదాకా ఎప్పుడూ వినిపించలేదు.

కమిటీ రోజు వచ్చింది. పొడుగాటి బల్ల, అయిదుగురు పెద్దలు, గోడ మీద పెద్ద తెర, వాగుడుకాయకు స్పీకరు. పిక్సెల్ ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతూ తన కొత్త నమూనా చూపించడానికి లేచాడు. నేను చెయ్యెత్తాను. "మేడమ్, కొత్తది తర్వాత. ముందు మా అక్క నింపిన పాత ఫారమే ఆయన్ను నింపి పంపమనండి. మౌస్ తీసేసి, తెర ఆపేసి" అన్నాను.

"అదేంటండీ, అలా ఎవరు వాడతారు?" అన్నాడు.

"మా అక్క వాడింది" అన్నాను.

మేడమ్ తల ఊపింది. గోడ మీద తెర ఆరిపోయింది. పిక్సెల్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. గడులు ఎలాగో నింపాడు. చీపురు మీదికి వచ్చాక వాగుడుకాయ "బటన్" అంది. అది నొక్కకూడదని అతనికి తెలుసు. దాటి ముందుకు వెళ్ళాడు. పంపించేది రాలేదు, పేజీ కింది లింకులు, ఆసుపత్రి చిరునామా వచ్చాయి. వెనక్కి వచ్చాడు. మళ్ళీ "బటన్". మళ్ళీ ముందుకు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. ఆరు నిమిషాలు తడుముకున్నాడు. చెమట చెంపల మీది నుంచి కాలరులోకి దిగడం చూశాను. ఆ ఆరు నిమిషాలూ నాకు పెళ్ళి భోజనం చేసినట్టు ఉందంటే పాపమనుకోకండి. నాకలాగే ఉంది.

"లేవండి" అని మేడమ్ తనే వచ్చి కూర్చుంది. కళ్ళు మూసుకుని ఆ బటన్ నొక్కింది. ఏమీ వినిపించలేదు. "ఇప్పుడు ఫారం వెళ్ళినట్టేనా?"

పిక్సెల్ నీళ్ళు నమిలాడు. "లేదండీ... మొత్తం చెరిగిపోయింది."

నేను మనసులో ఈల వేశాను.

తర్వాత మా వంతు. అక్క వేళ్ళు మీటల మీద పరిగెత్తాయి. వాగుడుకాయ ఒక్కొక్క గడి పేరూ చెప్పింది, ఒక తప్పు పట్టుకుని ఏం తప్పో చెప్పింది, "పంపించు, బటన్" అంది. అక్క నొక్కింది. "మీ దరఖాస్తు అందింది." మూడు నిమిషాల్లో పని పూర్తయింది. పెద్దల్లో ఒకాయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

"బాగుందమ్మా. మిగతా పేజీలు కూడా విందాం. సహాయం పేజీ పెట్టండి, చివరిదాకా" అంది మేడమ్.

"అది చాలా పొడుగండీ, ఎందుకులెండి..." అన్నాను.

"విందామే, బాగా చదువుతోందిగా" అని అక్క హుషారుగా కిందికి నడిచింది. ఫోన్ నంబర్లు వచ్చాయి. పనివేళలు వచ్చాయి. నేను అక్క భుజం మీద చెయ్యి వేశాను, వద్దని నొక్కాను. శభాష్ అంటున్నాననుకుని అక్క నవ్వింది. ఇంకొక్కసారి మీట నొక్కింది. అంతమంది పెద్దల ముందు, స్పీకరులో, వాగుడుకాయ పొల్లు పోకుండా మొత్తం చదివి వినిపించింది. వీడి చేతులు పడిపోను, దాకా.

పిక్సెల్ మొహం మాడిపోయింది. అయినా వెంటనే తేరుకున్నాడు. "చూశారుగా మేడమ్! ఇదంతా నా మీద కక్ష. ఈ పరీక్ష కూడా కక్షతో పెట్టిందే. దీన్ని బట్టి అప్పీలు ఎలా ఒప్పుకుంటారు?"

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ప్రభుత్వ ఆసుపత్రి అనుకున్నారా, మీ వీధి కుళాయి అనుకున్నారా?" అని నన్ను అడిగింది. నాలుగు నెలల కష్టం, అక్క కుర్చీ, అన్నీ నా వేళ్ళతోనే పోగొట్టానని అర్థమైంది.

అప్పుడు అక్క లేచి నిలబడింది.

"మేడమ్, మా చెల్లి రాసింది తప్పు. దానికి చివాట్లు నేను ఇంటి దగ్గర వేస్తాను. కానీ ఒక్క సంగతి చూడండి. ఆ బాబు ఫారంలో నాకు అవసరమైన బటన్ ఒకే ఒక్కటి, అది వినిపించలేదు. మా చెల్లి పేజీలో నాకు వినిపించకూడదనుకున్న తిట్టు కూడా వినిపించింది. పేజీలో ఉన్నదేదీ నా దగ్గర దాగలేదు. ఇవాళ మీరు తేల్చాల్సింది ఇదేగా? కక్ష ఉంటే ఉండనివ్వండి, అతని బటన్‌కు పేరు లేకుండా చేసింది మా చెల్లి కాదు కదా."

బల్ల చివర ఒకాయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మేడమ్ పెదవులు బిగించి కాసేపు కాగితాలు సర్దింది. సర్దడం అయ్యాక చెప్పింది. తప్పు ఫారందే. అక్క సోమవారం నుంచి సహాయ కేంద్రంలో కూర్చోవాలి. కొత్త ఫారం మాది, దాని మీద పాత ఆపరేటర్లందరికీ మళ్ళీ అవకాశం ఇస్తారు. "ఆ ఫొటో దగ్గర రాత మాత్రం మార్చి, నాకు వినిపించాకే సైట్ పెట్టేది" అంది నా వంక గుడ్లురిమి.

వరండాలో పిక్సెల్ అక్క దగ్గరకు వచ్చాడు. "సారీ అండీ, నేను అలా ఆలోచించలేదు" అన్నాడు. "ఇక మీదట ఆలోచించు బాబూ" అంది అక్క. నా వైపు తిరిగాడు. నేను గోడ మీద నోటీసు చదువుతున్నట్టు నిలబడ్డాను.

అక్క ఇంటికొచ్చి చెప్పులు విడిచి కంప్యూటర్ ముందు కూర్చుంది.

"అక్కా, నీ కోసమే కదా..."

"నా కోసమేనా? నాకు కనిపించనిదేదో నాకు చెప్పడానికి ఉన్న చోటే అది. అందులో నీ కోపం గుమ్మరించావు. పైగా ఎవరికీ కనిపించదులే అనుకున్నావు. నేను ఎవరినీ కాదా?"

చెంప మీద కొట్టినట్టయింది. చూసేవాళ్ళకు కనిపించకపోతే అది లేనట్టే అని అనుకున్నాను నేను. పిక్సెల్ కూడా అచ్చంగా అదే అనుకున్నాడు. ఆ పోలిక తట్టగానే వాడి మీద కోపం ఇంకా పెరిగింది.

"నా కోపం నాకు సరిపడా ఉందే, నువ్వు పోయక్కర్లేదు" అంది అక్క కాస్త మెత్తబడి. "ఆ ఫొటో తెరువు. అతని గొంతు ఒక్కటే నాకు తెలుసు. మొహం ఎలా ఉంటుందో నువ్వు చెబితేనే తెలుస్తుంది. నువ్వు ఎలా ఉన్నాడంటే నాకు అలాగే ఉంటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఫొటో తెరిచాను. ఇన్ని నెలల్లో దాన్ని సరిగ్గా చూసింది లేదు, తిట్టడానికి తప్ప. పళ్ళు బిగబట్టి ఒక్కొక్క మాటే పైకి చెబుతూ కొట్టాను: "ముప్ఫై ఏళ్ళ మనిషి. బక్కగా ఉన్నాడు. నీలం చొక్కా, పై గుండీ దాకా పెట్టుకున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కెమెరాకు భయపడుతున్నట్టు కూర్చున్నాడు."

అక్క శ్రద్ధగా వింది.

"అంతేనా? వెధవలా లేడా?"

"లేడక్కా" అన్నాను. "అదే నా ఏడుపు."